తిరువైయారు ఆరాధన: ఒక యతి మరణమునకు వారసులు

ఒక జాతి సంస్కృతిని తెలిసికొనగోరువారు దాని పెండ్లిపందిళ్ళను చూచినంత శ్రద్ధతో దాని శ్రాద్ధదినములను గూడ పరిశీలింపవలసియున్నది. సొంత సీమను విడిచి పరసీమలలో స్థిరపడిన కుటుంబముల విషయమున ఇది మఱింత నిజము. వలసపోయినవారు కాలక్రమమున తిండిని మార్చుకొందురు, కట్టును మార్చుకొందురు, వీథిలో మాటలాడు భాషను మార్చుకొందురు. కాని యేటికొకమాఱు తద్దినమునాడు గోత్రము చెప్పి, తండ్రి తాత ముత్తాతల పేర్లను వరుసగా ఉచ్చరించునపుడు, వారు ఎవరివారో వారికే మఱల జ్ఞప్తికి వచ్చును. మరణించినవారి స్మరణ బ్రతికియున్నవారికి ఊరును, పేరును, భాషను నిలిపియిచ్చుచున్నది. తమిళనాట తంజావూరు మండలమున నెలకొన్న తెలుగువారి చరిత్రలో ఈ సత్యమును చాటు ఉదాహరణము తిరువైయారున కావేరీతీరమందలి త్యాగరాజస్వామి సమాధి. అచ్చట ఏటేట పుష్య బహుళ పంచమినాడు జరుగునది సంగీతోత్సవమని లోకము ఎఱుగును. అది మూలమున ఒక యతికి జరుగు మృతతిథి అను సంగతి మాత్రము పలువురు మఱచియున్నారు. ఆ తిథిని జరుపు అధికారము ఎవరిది, ఆ శోకము ఎవరి సొత్తు అను ప్రశ్నకు నూఱేండ్ల కాలము వెదకబడిన సమాధానమే ఆ ఉత్సవ చరిత్ర.

తంజావూరున తెలుగు

1532 ప్రాంతమున సేవప్పనాయకునితో తంజావూరు నాయకరాజ్యము ఆరంభమైనది. అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకుల కాలమున తెలుగు ఆ సీమకు రాజభాషయై, కావ్యభాషయై, నాటకభాషయై వెలసినది. 1673లో మధుర నాయకుని సేనలతో పోరి విజయరాఘవుడు రణమున మడిసెను. ఆ వెనుక రాజ్యము మహారాష్ట్ర భోసల వంశీయుల చేతికి వచ్చినను, తెలుగు ఆస్థానమును విడిచిపోలేదు. రాజులు మరాఠీ మాటలాడువారు, ప్రజలు అరవము మాటలాడువారు, గాయకులును కవులును తెలుగున రచించువారు. ఈ మూడు భాషల కూడలిలో కృష్ణా పెన్నా నదుల నడిమి సీమలనుండి తరలివచ్చిన బ్రాహ్మణ కుటుంబములు అగ్రహారములను కట్టుకొని కావేరినే గోదావరిగా భావించి స్నానసంకల్పములు చెప్పుకొనినవి.

అట్టి కుటుంబములలో ములకనాటి శాఖకు చెందిన కాకర్లవారిది ఒకటి. కాకర్ల గ్రామమునుండి వీరి పూర్వులు తరలివచ్చిరని ప్రసిద్ధి. ఆ వంశమున రామబ్రహ్మమునకును సీతమ్మకును 1767వ సంవత్సరము మే 4వ తేదీన, సర్వజిన్నామ సంవత్సరమున, తిరువారూరులో త్యాగరాజు జనించెను. తరువాత ఆ కుటుంబము తిరువైయారునకు చేఱి తిరుమంజన వీథిలో నివసించినది. ఇంటిపేరున మాత్రము మిగిలిన ఒక ఊరు, కంటియెదుట ప్రవహించు ఒక నది, ఈ రెంటి నడుమనే ఆ మహనీయుని జీవితమంతయు నడచినది.

వయస్సును బట్టి శోకము

ఆ కుటుంబములు తమవెంట తెచ్చుకొనిన ధర్మశాస్త్రము మరణమును ఒకే తీరున చూడలేదు. పోయినవారి వయస్సును, వారికి లోకముతో ఏర్పడిన సంబంధమును అనుసరించి అది శోకమునకు కొలతలు ఏర్పఱచినది. మనుస్మృతి పంచమాధ్యాయమును చూడుడు. రెండేండ్లు నిండని శిశువు మరణించినచో దహనము లేదు, ఉదకదానము లేదు. ఊరివెలుపల శుచియైన చోట భూమిలో ఉంచుటయే విధి. చౌలము కాని బాలునకు ఒక రాత్రి, చౌలమైన బాలునకు మూడు రాత్రులు ఆశౌచము. ఉపనయనము జరిగి గోత్రమునందు నిలదొక్కుకొనినవానికి సపిండులు పదిదినములు పట్టవలెను. గృహస్థు మరణించినచో కుమారుడు అగ్నిసంస్కారము చేసి, పిండములిచ్చి, మాసికములు పెట్టి, ఏటేట ఆబ్దికమును నిర్వహింపవలెను.

ఈ కొలతలను కఠినములని తలచుట పొరపాటు. పసిబిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖము ఒక రాత్రితో తీఱునని శాస్త్రకారుడు నమ్మియుండడు. ఆశౌచము దుఃఖమునకు కొలతగాదు. సమాజము ఆ ఇంటివారిని తమ సామాన్య కర్మములనుండి విడిచి పక్కన నిలుపు కాలమునకు కొలత. మనుష్యుడు ఎదిగినకొలది అతనితో ముడిపడిన బంధములు హెచ్చును. బంధములు హెచ్చినకొలది వానిని విప్పుటకు పట్టు దినములు హెచ్చును. ఇదియే ఆ విధి వెనుకనున్న తర్కము.

ఈ తర్కమునే చివరకంటఁ నడిపినచో ఒక విశేషము కాననగును. సన్న్యసించినవాడు బంధములన్నిటిని తానే విప్పుకొనినవాడు. అందుచే యతి సిద్ధిపొందినచో జ్ఞాతులకు ఆశౌచము లేదు, దహనము లేదు, పిండోదకములు లేవు. శిశువువలెనే అతనిని గూడ భూమికే అప్పగింతురు. జీవితమునకు మొదటి కొనయందున్న పసిబిడ్డయు, తుది కొనయందున్న యతియు ఈ విధముగా ఒకే రీతిని పుడమితల్లి ఒడిని చేరుచున్నారు. ఒకరికి బంధములింకను ఏర్పడలేదు. వేఱొకరికి బంధములు తీఱిపోయినవి.

త్యాగరాజు జీవితమున వియోగములు

త్యాగరాజస్వామి శిష్యులలో వాలాజాపేట వేంకటరమణ భాగవతరును, అతని కుమారుడు కృష్ణస్వామి భాగవతరును గురుచరిత్రమును వ్రాసియుంచిరి. వారు సౌరాష్ట్ర కులీనులు. వాలాజాపేట వ్రాతప్రతులు తరువాతి కాలమున మధురలోని సౌరాష్ట్ర సభలో భద్రపఱుపబడినవి. ఆ చరిత్రములును, శిష్యపరంపరలో నిలిచిన కథనములును కలిపి చూచినచో స్వామి జీవితమున ప్రతి దశయందును ఒక వియోగము కాననగును.

యౌవనారంభముననే తండ్రి గతించెను. పిమ్మట ఇల్లు పంపకమైనది. అన్న జపేశునితో పొత్తు కుదరలేదు. పదునెనిమిదవ యేట పరిణయమాడిన పార్వతి కొన్ని సంవత్సరములకే మరణింపగా ఆమె చెల్లెలు కమలాంబను వివాహమాడెనని సంప్రదాయము చెప్పుచున్నది. వీరికి సీతాలక్ష్మి అను కుమార్తె మాత్రమే కలిగెను. తండ్రి తద్దినము పెట్టుటకు తానున్నాడు. తన తద్దినము పెట్టుటకు తనకు కుమారుడు లేడు. ఆ కాలపు గృహస్థునకు ఇది చిన్న కొఱతగాదు.

ఈ వియోగములలో శిష్యులు మిక్కిలి విస్తరించి చెప్పినది మనుష్యవియోగము గాదు, విగ్రహవియోగము. తమ్ముడు రాజాశ్రయమును నిరాకరించుటచే అలిగిన అన్న, అతడు నిత్యము పూజించు శ్రీరామవిగ్రహములను కావేరిలో పడవైచెనని కథ. ఆ దినములలో రచింపబడినవని చెప్పబడు కృతులలో "నేనెందు వెతుకుదురా", "ఎందుదాగినాడో" అనునవి ముఖ్యములు. విగ్రహములు మఱల దొరకినపుడు బిలహరి రాగమున "కనుగొంటిని" అని పాడెనందురు. కథలోని వివరములు ఎట్లున్నను, ఆ కృతులలోని మనఃస్థితి స్పష్టమే. పోయినది లేకుండ పోలేదు, ఎచ్చటనో దాగియున్నది, వెదకుట మానరాదు. శోకమును ఈ విధముగా వెదకులాటగా మలచుకొనుట త్యాగరాజస్వామి పద్ధతి. అది శోకమును అణచుట కాదు. దానికొక దిక్కు చూపుట.

ఘనరాగ పంచరత్నములలో గౌళరాగమందలి "దుడుకుగల" అను కృతిని ఈ దృష్టితో గమనింపవలెను. చిన్ననాటినుండి తనలోని లోపములను ఒక్కొక్కటిగా పేర్కొనుచు, ఇట్టి తనను ఏ రాజకుమారుడు బ్రోచునని గాయకుడందు ప్రశ్నించుచున్నాడు. మరణాసన్నుడు తన ఆయుర్దాయమును లెక్కచూచుకొను తీరు ఇదియే. అయితే స్వామి ఆ లెక్కను చివరి గడియకు దాచుకొనలేదు; పదిమందితో గలసి పాడుకొనదగిన గానముగా ముందే సిద్ధపఱచెను.

యతిసిద్ధి

వార్ధక్యమున భార్య గతించిన పిమ్మట స్వామికి తుది సమయము సమీపించినది. సహానరాగమందలి "గిరిపై నెలకొన్న" అను కృతి ఆ ఘట్టమునకు సంబంధించినదని శిష్యసంప్రదాయము. శ్రీరాముడు స్వప్నమున కనబడి పదిదినములలో తనను చేర్చుకొందునని చెప్పినట్లు ఆ కృతికి అర్థము చెప్పుదురు. మనోహరి రాగమందలి "పరితాపము" అను కృతిని గూడ ఆ సందర్భముతోనే జోడింతురు. మృత్యువు తెలియకుండ వచ్చి పట్టుకొను పగవాడు గాక, ముందుగా కబురంపి వచ్చు బంధువు అను భావన వీనియందున్నది.

ఆ కబురు అందిన పిమ్మట స్వామి సన్న్యాసము స్వీకరించెను. సన్న్యాసవిధిలో మృత్యువిషయకమైన ఒక గంభీరాంశము కలదు. సన్న్యసింపబోవువాడు అష్టశ్రాద్ధములను చేయవలెను. దేవ ఋషి పితృగణములతోపాటు అందు ఆత్మశ్రాద్ధమును గూడ చేసికొనవలెను. అనగా బ్రతికియుండగనే తనకు తాను పిండము పెట్టుకొనవలెను. పిమ్మట శిఖాయజ్ఞోపవీతములను త్యజించి, సర్వభూతములకును తనవలన భయము లేదని అభయమిచ్చి, ప్రైషమంత్రమును ఉచ్చరించును. అంత్యకాలమున విధులన్నియు జరుపుటకు శక్తి చాలనివారికి సంక్షేపమైన ఆతురసన్న్యాసమును శాస్త్రము అనుమతించినది. కుమారుడు లేనివానికి తిథి పెట్టువారెవరు అను ప్రశ్న ఇచ్చట తొలగిపోవుచున్నది. తన శ్రాద్ధమును తానే చేసికొనినవానికి వేఱొకరి పిండముతో పనిలేదు.

1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, పరాభవనామ సంవత్సర పుష్య బహుళ పంచమినాడు, త్యాగరాజస్వామి సిద్ధిపొందెను. యతికి చేయు విధిననుసరించి కావేరీతీరమున భూస్థాపన చేసి పైన బృందావనమును నిర్మించిరి. యతులకు పండ్రెండవ దినమున నారాయణబలియు, దానిననుసరించి ఆరాధన అను పూజయు జరుపుట విధి. ఏటేట సిద్ధితిథినాడు జరుపు పూజకును ఆరాధనయనియే పేరు. గృహస్థునకు ఆబ్దికమెట్టిదో యతికి ఆరాధన అట్టిది. నేడు వాగ్గేయకారులకు, గాయకులకు, కడకు గృహస్థులుగనే కాలము చేసినవారికి గూడ "ఆరాధనోత్సవము" అను పేరిట స్మృతిసభలు జరుగుచున్నవి. ఆ పదము యతిసంస్కారమునుండి వచ్చినదని గుర్తించినపుడే తిరువైయారులోని కార్యక్రమము యొక్క అసలు స్వరూపము తెలియును.

పుత్రులు లేని సమాధి

స్వామి కుమార్తెకు కలిగిన కుమారుడు సంతానము లేకయే గతించెను. అంతటితో ప్రత్యక్షవంశము నిలిచిపోయినది. ఇదే కాలమున తంజావూరు రాజవంశమునకును ఇట్టి దశయే పట్టినది. 1855లో రెండవ శివాజీ పుత్రసంతానము లేక మరణింపగా ఆంగ్లప్రభుత్వము ఆ సంస్థానమును కలుపుకొనెను. పుత్రుడు లేనందున సింహాసనము పరులపాలైనది; ఆస్థానమును ఆశ్రయించిన విద్వాంసులు పలువురు చెన్నపట్టణమునకును ఇతర స్థలములకును తరలిరి. రాజు వారసత్వమును చట్టము రద్దుచేసినది. గాయకుని వారసత్వమును మాత్రము రద్దుచేయ ఎవరితరము గాలేదు. ఏలయన అది శిష్యుల కంఠములలోనికి ముందే చేఱియుండెను. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము శిష్యశాఖలు ఎవరి ఊరిలో వారు, ఎవరి పాఠాంతరముతో వారు ఆ కృతులను కాపాడిరి. సిద్ధితిథిని గూడ చాలకాలము వారు తమ తమ ఇండ్లలోనే జరుపుకొనుచుండిరి.

ఇండ్లలో తిథి నడచుచున్నను ఏటియొడ్డున సమాధి శిథిలమై పొదలలో మునిగిపోయినది. 1903 ప్రాంతమున ఉమయాళ్పురము కృష్ణ భాగవతరు, సుందర భాగవతరు అను శిష్యసోదరులు వృద్ధాప్యమున అచ్చటికి వచ్చి ఆ స్థితిని చూచి బాగుచేయించిరి. ఆ తరువాతి దశాబ్దమున సమాధియొద్దనే ఏటేట పూజయు గానమును జరుగుట స్థిరపడినది. తిల్లస్థానము నరసింహ భాగవతరు, పంజు భాగవతరు అను సోదరులు ఇందుకు పూనుకొనిరి. కాని త్వరలోనే భేదములు పొడసూపి "పెద్దకక్షి", "చిన్నకక్షి" అను రెండు పక్షములు ఏర్పడినవి. ఒక తండ్రి బిడ్డలు వేఱుపడి వేఱువేఱుగా తద్దినములు పెట్టునట్లు ఈ పక్షములు వేఱువేఱుగా ఉత్సవములు జరిపినవి. శోకమునందు గూడ పంపకములు వచ్చుట మనుష్యస్వభావమే. ఆ పక్షములు ఒక్క విషయమున ఏకీభవించినవి: స్త్రీలు సమాధియెదుట పాడరాదు.

నాగరత్నమ్మ

ఈ ఘట్టమున ప్రవేశించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె 1878లో మైసూరు సీమయందలి నంజనగూడున దేవదాసీ కుటుంబమున జనించినది. కన్నడ దేశమున పెరిగి, తెలుగు సంస్కృతములను శ్రద్ధతో అభ్యసించి, చెన్నపట్టణమున గాయనిగా కీర్తి గడించినది. తంజావూరు ప్రతాపసింహ మహారాజు ఆస్థానమందలి ముద్దుపళని రచించిన "రాధికాసాంత్వనము"ను 1910లో సమగ్రముగా పరిష్కరించి ప్రకటింపించినది ఈమెయే. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథమును నిషేధించినది. ఆ నిషేధము 1947లో టంగుటూరి ప్రకాశము పంతులు ప్రధానమంత్రిగా నున్న మదరాసు ప్రభుత్వకాలమున తొలగింపబడినది. లోకము మఱుగుపఱచిన వారిని వెలికిదెచ్చుట ఆమెకు మొదటినుండియు గల స్వభావము.

సమాధి దుస్థితిని గూర్చి ఆమె గురువైన బిడారం కృష్ణప్ప తెలియజేయగా ఆమె కదలినది. ఆ స్థలమును సంపాదించి, 1921లో శంకుస్థాపన చేయించి, తన ఆర్జనమును, నగలను వెచ్చించి ఆలయమును కట్టించినది. 1926లో కుంభాభిషేకము జరిగినది. ఆలయము కట్టించినను అందు పాడు అధికారము ఆమెకు లభింపలేదు. అపుడు ఆమె స్త్రీలను సమకూర్చి ప్రత్యేకముగా ఆరాధన జరిపించినది. తాను హరికథ చెప్పినది. ఈ విధముగా మూడవ పక్షము ఏర్పడినది.

ఆమె చేసిన పనిని శాస్త్రదృష్టితో విమర్శించి చూడవలెను. ఆమె స్వామికి జ్ఞాతి గాదు, గోత్రీకురాలు గాదు, కులమునకు చెందినది గాదు, ప్రత్యక్షశిష్యురాలు గాదు. గృహస్థుని తద్దినమైనచో ఆమెకు ఏ అధికారమును లేదు. కాని ఇది గృహస్థుని తద్దినము గాదు. సర్వబంధములను విడిచి సర్వభూతములకు అభయమిచ్చిన యతికి ఎవరును జ్ఞాతులు గారు. కావున ఎవరును పరాయివారు గారు. జ్ఞాతిత్వము లేనిచోట అధికారమునకు భక్తి తప్ప వేఱు ఆధారము లేదు. ఆమెను అడ్డగించినవారు యతి సమాధియొద్ద గృహస్థుని ఇంటి కట్టుబాట్లను నిలుపజూచిరి. ఆమె వాదముతో గాక తన సొమ్ముతో, సేవతో ఆ వైరుధ్యమును బయటపెట్టినది.

1940 ప్రాంతమున పక్షములు ఏకమై శ్రీ త్యాగబ్రహ్మ మహోత్సవ సభ ఏర్పడినది. ముసిరి సుబ్రహ్మణ్యయ్యరు మొదలగువారు ఆ ఐక్యమునకు కృషిచేసిరి. పిమ్మట పంచరత్న కృతులను అందఱును కూడి పాడుట ఉత్సవమునకు ప్రధానాంశమైనది. స్త్రీలకును అందు చోటు కలిగినది. నాగరత్నమ్మ తన ఆస్తిని సమాధి సేవకు వ్రాసియిచ్చి, 1952 మే నెలలో తనువు చాలించినది. స్వామి సమాధికి సమీపముననే ఆమెకును సమాధి కట్టబడినది. అందలి శిలాప్రతిమ స్వామి సన్నిధివైపు చూచుచు కూర్చుండియున్నది. పుత్రులు లేని ఆ మహనీయునకు తిథి నిలిపిన ఆమె, ఆ తిథియందే తానును స్మరింపబడుచున్నది.

ఫలితార్థము

ఈ చరిత్రనుండి పరసీమలలోని తెలుగువారు గ్రహింపవలసిన విషయములు కొన్ని కలవు. మొదటిది: మృత్యువును గూర్చిన చింతన వార్ధక్యమునకు మాత్రము కేటాయింపబడినది గాదు. త్యాగరాజస్వామి తండ్రిని, భార్యను, ఇంటి పొత్తును, ఇలవేల్పును వరుసగా కోల్పోవుచు, ఒక్కొక్క వియోగమును ఒక్కొక్క గానముగా మార్చుకొనుచు వచ్చెను. తుది ప్రయాణమునకు ఆయన చేసిన అభ్యాసము జీవితమంత పొడవైనది. రెండవది: శోకమునకు ఆచారము అవసరమే. దినములు లెక్కించుటయు, పేర్లు ఉచ్చరించుటయు, పదిమంది కూడుటయు లేనిచో దుఃఖము గమ్యము లేనిదగును. కాని ఆచారము ఎవరినైనను వాకిట నిలిపివేయుటకు సాధనమైనపుడు అది తన ప్రయోజనమును తానే చెఱుపుకొనును.

మూడవది భాషకు సంబంధించినది. తంజావూరు మండలమున నేడు ఎన్నియో తెలుగు కుటుంబములలో పిల్లలు తెలుగును ఇంట విందురే గాని లిపిని చదువలేరు. అరవలిపిలో వ్రాసికొనిన కీర్తనలనే చూచి నేర్చుకొందురు. అయినను పుష్య బహుళ పంచమినాడు అరవవారు, కన్నడిగులు, మలయాళులు, తెలుగువారు ఒక్కచోట కూర్చుండి ఐదు తెలుగు సంస్కృత కృతులను ఒక్క గొంతుతో పాడుచున్నారు. 1978నుండి అమెరికాలోని క్లీవ్‌లండు నగరమున గూడ త్యాగరాజారాధన జరుగుచున్నది. ఏ భాషయైనను ప్రభుత్వముల ఆజ్ఞలచే కొంతకాలము, పాఠశాలలచే మఱికొంతకాలము నిలువవచ్చును. మరణించినవారిని స్మరించుటకు ఏ భాష కావలయునో ఆ భాష అంతకంటె దీర్ఘకాలము నిలుచును. తంజావూరు సింహాసనము పోయినది, ఆస్థానము పోయినది, కాకర్లవారి ఆ శాఖయు పోయినది. కావేరియొడ్డున తిథి మాత్రము తప్పలేదు.

కాబట్టి కన్నడ, తమిళ, ఉత్కళ, మహారాష్ట్ర సీమలలోను, యానాములోను నెలకొన్న తెలుగు కుటుంబములు తమ తమ ఊళ్ళలోని పూర్వుల సమాధులను, బృందావనములను, వానియొద్ద జరుగు వార్షికములను, అందు ఉచ్చరింపబడు పేర్లను, పాడబడు పాటలను వ్రాసియుంచుకొనుట యుక్తము. వంశవృక్షమున చోటులేనివారు గూడ ఆ సేవకు పూనుకొనవచ్చును. తిరువైయారు సమాధిని నిలిపినది రక్తసంబంధము గాదు.